టేపు నా సంచిలోనే ఉంది

1994లో ఫిల్మ్ నగర్‌లోని మా సినిమా కంపెనీ ఆఫీసుకు ఒక పెద్ద కంప్యూటర్ వచ్చింది. బ్యాంకులకూ ఫ్యాక్టరీలకూ పుట్టిన యంత్రం, నేను నేర్చుకున్న యూనిక్స్ పద్ధతి కాదు. రాసింది దిద్దుకునే దాని సొంత ఎడిటర్ ప్రోగ్రాములో ఒక్కో లైనునూ నంబరు పెట్టి పిలిస్తే గానీ కనబడదు. నాకు ఒళ్ళు మండేది. బెంగుళూరు కోర్సులో సంపాదించిన టేపు తెచ్చి, మూడు ఆదివారాలు కుస్తీ పట్టి, అందులోని యూనిక్స్ ప్రోగ్రాములను దాని మీద ఆడించాను. వీఐ అనే ఎడిటర్ ఒకటి. గ్రెప్ ఒకటి, అడిగిన పేరున్న లైన్లన్నీ అది ఏరిపెడుతుంది.

మేనేజరు పట్టాభిరామయ్యగారికి అది గిట్టలేదు.

"మెషీన్ కంపెనీ ఇచ్చింది కాకుండా బయటి సరుకు ఎవరు ఎక్కించమన్నారమ్మా హైమా? సాయంత్రంలోగా తీసెయ్. లేదంటే నువ్వే మానెయ్."

"అది ఏం చెడగొట్టింది సార్? ఒక్కటి చెప్పుండ్రి," అన్నాను.

అప్పుడే అసిస్టెంట్ డైరెక్టర్ వీరభద్రం పరుగున వచ్చాడు. అమ్మ వేషం వేసే శారదాదేవిగారు ఆదివారం ఒక్కరోజే డేట్ ఇచ్చారట. హీరోతో ఆవిడ కాంబినేషన్, అంటే ఇద్దరూ కలిసి కనబడే సీన్లన్నీ ఆ రోజే తీసేయాలి. నూటపన్నెండు సీన్లు చేత్తో తిరగేస్తే రేపటికీ తేలదు. సీనుకో లైనుగా జాబితా మెషీన్‌లోనే ఉంది గనక, గ్రెప్‌తో ఆవిడ పేరున్న లైన్లు ఏరి, వాటిలోంచి హీరో ఉన్నవి ఏరాను. పదకొండు సీన్లు. ప్రింటర్ ఆగకముందే వీరభద్రం కాగితం చింపుకుని పోయాడు.

మెచ్చుకుంటారనుకున్నాను, పిచ్చిదాన్ని.

"పనయిందిగా, ఇప్పుడు తీసెయ్," అన్నారు పట్టాభిరామయ్యగారు.

ఆయన ఎదురుగానే అన్నీ తుడిచేశాను.

భోజనాలకు ముందే వీరభద్రం మళ్ళీ ఊడిపడ్డాడు. హీరో ఆదివారం రానన్నాడట. ఇప్పుడు శారదాదేవిగారు ఉండి, హీరో లేని సీన్లు కావాలి. సెట్ వేసేవాళ్ళు కింద నిలబడి ఉన్నారు.

పట్టాభిరామయ్యగారు నా వైపు చూశారు.

"మెషీన్ ఇచ్చిన కంపెనీవాళ్ళనడుగుండ్రి సార్. ఎనిమిది రోజులల్ల ఇస్తరు," అన్నాను.

"నువ్వు చెయ్యలేవా?"

"టేపు నా సంచిలనే ఉంది. ఊకె ఎక్కియ్య. ఈ ప్రోగ్రాములు మెషీన్ మీదనే ఉంటయని రాసియ్యుండ్రి. సంతకం గావాలె."

"నన్నే కాగితం అడుగుతావా?"

"పొద్దుగాల ఉద్యోగం మానెయ్యమన్నది మీరే గద సార్. గిప్పుడు మానెయ్యమనుండ్రి."

వీరభద్రం గోడ గడియారం చూస్తున్నాడు. పట్టాభిరామయ్యగారు చెవులు ఎర్రబడగా లెటర్‌హెడ్ లాక్కుని రాశారు. చదివాను. 'తాత్కాలికంగా అనుమతించడమైనది' అని ఉంది. కాగితం తిరిగి ఆయన ముందే పెట్టాను.

"గా తాత్కాలికం కొట్టెయ్యుండ్రి సార్."

ఆ ఒక్క మాట తీయడానికి ఆయనకు ఏ ఎడిటరూ అక్కర్లేకపోయింది. పెన్నుతో అడ్డంగా గీత కొట్టి, పక్కన సంతకం చేశారు. అప్పుడు సంచి విప్పాను.