గోడ పట్టుకోకుండా మూడు గంటలు

"పదిమందికే గదా, జరంత ఎక్కువ ఒండు," అన్నాడు మా ఆయన హరిప్రసాద్, నోట్లో బ్రష్షు తీయకుండానే. సకల జనుల సమ్మె మొదలైనప్పటి నుంచీ ఆయన ఆఫీసుకు తాళం. రోజూ ఎల్బీ నగర్ శిబిరంలో కూర్చోవడం, మధ్యాహ్నం ఎవరినో ఒకరిని భోజనానికి వెంటేసుకు రావడం. నాకూ తెలంగాణ కావాలి. బతుకమ్మ పట్టుకుని హైవే మీద కూర్చున్నదాన్నే. కానీ సకల జనులూ పని మానేస్తే, ఆ సకల జనులకీ అన్నం ఎవరు వండుతున్నారో ఒక్కరైనా అడిగారా? ఇంటిల్లిపాదికీ సమ్మె, నాకు మాత్రం ఓవర్‌టైమ్!

"ఇయ్యాల నాకు పరీక్ష ఉన్నదని చెప్పిన గదా," అన్నాను.

"నీళ్ళల్ల కాళ్ళు చేతులు ఆడిచ్చుడు గూడ పరీక్షేనా? ఈడ రాష్ట్రం కోసం పానాలిస్తున్నరు!"

"నడుం నొప్పికి ఈత కొట్టుమన్నది డాక్టరమ్మ. నదులు దాటుమన్నదా?" అని మా అత్తమ్మ యాదమ్మ అందుకుంది.

నిజమే, డాక్టరమ్మ నదులు దాటమనలేదు. చంపాపేట్ పూల్‌లో దిగిన మొదటి రోజు నీళ్ళు మింగి, ముక్కు కారుతూ గట్టెక్కి ఏడ్చాను. తర్వాత భుజాలు. దువ్వెన పట్టుకోవడానికి చెయ్యి లేచేది కాదు, రొట్టెల పీట ముందు మాత్రం లేచి తీరాలి. "ఈత కొట్టంగ రాని నొప్పి రొట్టెలు చెయ్యంగ ఒచ్చిందా?" అనేది అత్తమ్మ. అయినా మానలేదు. నీళ్ళలో తల పెడితే ఎవరి పిలుపూ వినబడదు. ఆ సుఖం ఇంట్లో బాత్రూంలో కూడా లేదు, అక్కడా తలుపు కొడతారు.

నన్ను పూల్‌కి లాక్కెళ్ళింది పై వాటాలో కిరాయికుండే నాగేశ్వరి. వాళ్ళది భీమవరం. "ఆ ఆంధ్రామెతోటి నీకేం దోస్తాన్?" అని ఈయన. "రేపు మనల్ని ఇక్కడ ఉండనిస్తారో లేదో, నీకు ఈతొకటి తక్కువైందా?" అని వాళ్ళాయన. రాష్ట్రం దగ్గర ఒకరి మొహం ఒకరు చూసుకోరు గానీ, పెళ్ళాల ఈత దగ్గర మాత్రం ఇద్దరూ సమైక్యవాదులే.

విజయవాడలో కృష్ణ ఈదే పోటీకి నా పేరు పంపాలంటే కోచ్ సైదులు సార్ ముందు మూడు గంటలు ఆగకుండా ఈదాలి. గోడను తాకి వెనక్కి తిరగొచ్చు, పట్టుకుని నిలబడితే అంతే సంగతులు. కిందటి నెల రెండు గంటలు దాటాక ఈయన గట్టు మీద ప్రత్యక్షమై చేతులూపాడు. అత్తమ్మకి ఏమైందోనని గోడ పట్టుకున్నాను. "చాయపత్త డబ్బ ఏడున్నది?" అని అడిగాడు. పేర్లు పంపడానికి ఇవాళే ఆఖరు. అందుకే వాదన పెంచకుండా గబగబా పదిమందికీ వండి, మూతలు పెట్టి, నాగేశ్వరి స్కూటీ ఎక్కాను.

మొదటి గంట ఒళ్ళంతా కోపం. ఆ కోపంతోనే ఈదాను. రెండో గంటకి కోపం కూడా అలిసిపోయింది. మూడో గంటలో కుడి పిక్క పట్టేసింది. కాలు ఈడ్చుకుంటూ చేతులతోనే నీళ్ళు లాగుతున్నాను. ఊపిరికి తల తిప్పితే గట్టు మీద ఈయన! చేతులూపుతున్నాడు. నా చెయ్యి దానంతట అదే గోడవైపు సాగింది, కానీ పట్టుకోలేదు, తల పైకెత్తి చేతులాడిస్తూనే విన్నాను.

"ఏమైందండీ? ఎవరికైనా బాగోలేదా?" నాగేశ్వరి కంగారుగా అడుగుతోంది.

"అందరు మంచిగనే ఉన్నరు. పప్పుల ఉప్పు ఏసిందో లేదో జర అడుగుండ్రి. పళ్ళాల ముందట కూసున్నరు అందరు."

ఉప్పు! బండి మీద ఇంత దూరం వచ్చిన మనిషి నాలుక ఇంట్లో పెట్టి వచ్చాడా? గోడను వేళ్ళతో తాకి, ఎడమ కాలితో ఒక్క తోపు తోసి వెనక్కి తిరిగాను. నాకు కుడివైపే ఊపిరి తీసుకోవడం అలవాటు. ఎడమవైపు కూడా నేర్చుకోమ్మా అని సైదులు సార్ ఎంత మొత్తుకున్నా ఇన్నాళ్ళూ కుదరలేదు. ఇవాళ కుదిరింది. ఆయన ఏ వైపుంటే రెండో వైపుకి తల తిప్పి ఊపిరి తీసుకుంటూ ఈదాను.

మూడు గంటలు నిండగానే సైదులు సార్ విజిల్ వేశాడు. నాగేశ్వరి కట్టుకున్న బట్టలతోనే నీళ్ళలోకి దిగి, "సాధించావే ప్రసన్నా!" అంటూ ఏడ్చేసింది. నాకు ఏడుపు రాలేదు, విపరీతమైన ఆకలి వేసింది. ఈయన ఇంకా గట్టు మీదే ఉన్నాడు.

"గిప్పుడన్న చెప్పు. ఏసినవా, లేదా?"

చెబుదామనే నోరు తెరిచాను. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఏ గిన్నెలో ఏముందో, ఎవరి మందులు ఏ అరలో ఉన్నాయో, నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పేదాన్ని. ఎంత వెతుక్కున్నా ఉప్పు సంగతి తట్టలేదు. వెతుక్కోవడం మానేశాను.

"నాకు యాదికి లేదు," అన్నాను. "పోయి రుచి చూడుండ్రి. వచ్చే ఆదివారం నేను విజయవాడ పోతున్న, గది మాత్రం మీరు యాది పెట్టుకోండ్రి."