బయటి గొళ్ళెం

తలుపుకి బయటివైపు గొళ్ళెం బిగించిన కొడుకుని ఏమని తిట్టాలో వరదమ్మకి తోచలేదు. తిట్లకి ఆమె దగ్గర కరువేమీ లేదు. నగరిలో ఆ నేతవీధి మొత్తంలో వరదమ్మ నోటికి జడవని మనిషి లేడు. అయినా ఈ పనికి సరిపోయే తిట్టు దొరకలేదు. గొడ్లని కట్టేస్తారు, కోళ్ళని గంప కింద మూస్తారు. మొగుడు పోయాక మగ్గాలు నడిపి సంసారాన్ని ఒడ్డున పడేసిన మనిషిని గదిలో పెట్టి గొళ్ళెం వేస్తారా?

వేశారు. వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి. ఏది అడిగినా ముసలామె పొంతన లేని జవాబు చెబుతోందట. రోడ్డు మీద ఆటోవాడు హారన్ కొట్టి కొట్టి విసిగిపోయినా పక్కకి జరగలేదట. అన్నిటికీ మించి, కోడలు లోకేశ్వరి పినతల్లి వచ్చి, మొగుడు పోయిన సంగతి చెప్పుకుంటే, వరదమ్మ నవ్వుతూ "మంచిదే కదమ్మా, కాఫీ తాగి పో" అందట. లోకేశ్వరి ఆ రోజు సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

వరదమ్మ లెక్క వేరు. ఆమె దృష్టిలో చెడిపోయింది తను కాదు, తక్కినవాళ్ళు. ఈమధ్య అందరూ నోరు నొక్కుకుని మాట్లాడుతున్నారు. తన ముందే ఏవో గుసగుసలు. ఇంటి పెద్దని ఇలా వేరుగా చూడటం ఎక్కడ నేర్చుకున్నారని ఆమె మండిపడేది. ఆ మండిపాటు కూడా మతి తప్పడం కిందే జమ అయింది.

కొడుకు మునిప్రసాద్ లోకేశ్వరిని వెంటబెట్టుకుని ఆమెని తిరుపతి తీసుకుపోయి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపించాడు. డాక్టరు మాస్కు తియ్యలేదు, కంప్యూటర్ మీంచి చూపు తిప్పలేదు. ఏదో అడిగాడు. "నగరి నుంచి బస్సులో వచ్చినాం సామీ" అంది వరదమ్మ. మళ్ళీ ఏదో అడిగాడు. మళ్ళీ అదే చెప్పింది, ఈసారి కాస్త గట్టిగా. అంతే, పరీక్ష అయిపోయింది! ఆ మహానుభావుడు ఆమె చెవిలోకి గానీ కంట్లోకి గానీ చూసిన పాపాన పోలేదు. "వయసు కదా, మతి తప్పుతోంది. బయటికి వదలకండి" అని కోడలితో చెప్పి మాత్రలు రాశాడు. అవి మింగితే కాళ్ళు తేలిపోయేవి, మధ్యాహ్నం దాకా మత్తు. ఆ మత్తు చూసి ఇంట్లోవాళ్ళు జబ్బు ముదిరిందనుకున్నారు. ఆ తర్వాతే గొళ్ళెం వచ్చింది.

వరదమ్మ మాత్రని నాలుక కింద దాచి, వాళ్ళటు పోగానే ఉమ్మేయడం మొదలుపెట్టింది. అలా తల తేటపడిన ఒక ఉదయం, కిటికీ దగ్గరికి సుబ్బులమ్మ వచ్చింది. ఇద్దరూ ఒకే షెడ్డులో పక్కపక్క మగ్గాల మీద ముసలివాళ్ళయిన మనుషులు.

కరెంటు మగ్గాల షెడ్డులో చెవులతో పని లేదు. అన్నీ ఒక్కసారి కొట్టుకుంటుంటే పక్కన పిడుగు పడ్డా తెలియదు. అక్కడ పెదవులు చూసి మాట పట్టుకోవాలి. ఏళ్ళ తరబడి ఆ అలవాటులో ఉంటే, చెవులు ఎప్పుడు పోయాయో పోయినవాళ్ళకే తెలియదు. ఆ వీధిలో ఇంటికొచ్చినా మొహం మొహం చూసుకునే మాట్లాడుకుంటారు.

సుబ్బులమ్మ ముఖం మీద పొద్దుటెండ పడుతోంది. తాంబూలంతో పెదవులు ఎర్రగా పండి ఉన్నాయి.

"ఏమే వరదా, నీకు మతి తప్పిందంట గదా?"

ఎన్నాళ్ళకో ఒక మాట సూటిగా అందింది. "తప్పింది నాకు గాదే, నా కొడుక్కి!" అంది వరదమ్మ.

ఆ మాటా ఈ మాటా సాగింది. డాక్టరు చెప్పిందీ, లోకేశ్వరి పినతల్లి మొగుడు పోయిందీ సుబ్బులమ్మే చెప్పింది. నడుమ పక్కకి తిరిగి ఉమ్మేస్తూ ఏదో అడిగింది. జవాబు లేదు. అనుమానమొచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "వరదా!" అని కేకేసింది. వరదమ్మ నింపాదిగా చూస్తూ నిలబడింది.

సుబ్బులమ్మ కొంగు తీసేసింది. "నీ చెవులు ఎప్పుడో పోయినాయే! నాకూ అంతే. నా మనవరాలు చెప్తేగానీ తెల్లేదు. ఏదీ, వెలుగులోకి రా... అమ్మో! కంట్లో పాలమీగడ మాదిరి పొర ఉండాది. పెదాలే కనపడకపోతే ఏం మాట్లాడతావే?"

వరదమ్మకి ముందుగా ఆ పినతల్లి ముఖం గుర్తొచ్చింది. పాపం, ఏడుపు చెప్పుకోవడానికి వచ్చిన మనిషిని కాఫీ తాగమన్నానా అని ప్రాణం చివుక్కుమంది. ఆ వెనకే కోపం వచ్చింది. ఇంతమందిలో ఒక్కరికి, ఒక్కరికంటే ఒక్కరికి, నా కంట్లోకి చూడాలనిపించలేదా?

సుబ్బులమ్మ వెళ్ళాక మునిప్రసాద్ ఇడ్లీ పళ్ళెంతో తలుపు తీశాడు. వరదమ్మ అతని చొక్కా పట్టుకుని కిటికీ దగ్గరికి లాగి, ముఖం ఎండకి తిప్పింది.

"ఇప్పుడు అడగరా. ఆ డాక్టరు అడిగిందంతా అడుగు."

"ఏందమ్మా ఇది..." అంటూనే అడిగాడు. వారం చెప్పింది, ఊరు చెప్పింది. "నీ పెండ్లిలో మీ మామ అలిగి పందిట్లోంచి లేచి పోయిన సంగతి కూడా చెప్పాల్నా?" అంది.

మునిప్రసాద్ చేతిలోని పళ్ళెం కింద పెట్టాడు.

"నా మతి యాడికీ పోలేదు. పోయింది చెవులు. ఇప్పుడు కండ్లు పోతా ఉండాయి."

"చెవులు పోతే మాకు తెలీదా అమ్మా?" అని నవ్వాడతను.

ఆ నవ్వు ఆమెకి కారం పూసినట్టయింది. "కిటికీ తట్టు తిరిగి నిలబడు" అంది. నిలబడ్డాడు. ఆమె వెనక నుంచి "మునీ" అంది. "రేయ్ మునిప్రసాదూ!" అంది, వీధి చివరికి వినబడేలా. అతను కిటికీలోంచి వీధి చూస్తూనే ఉన్నాడు. మీసం రాకముందే షెడ్డులోకి పోయినవాడు.

వరదమ్మ బయటికి నడిచి తలుపు మూసి గొళ్ళెం వేసింది. ఆ చప్పుడూ అతనికి చేరలేదు. కాసేపటికి తలుపు దడదడ అదిరింది. వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చిన లోకేశ్వరిని పక్కకి తోసి, ఇల్లు చుట్టి కిటికీ దగ్గరికి వచ్చింది. మునిప్రసాద్ ఊచలు పట్టుకుని అరుస్తున్నాడు.

"ఎన్నిసార్లు పిలిచినా పలకలేదు నువ్వు" అంది వరదమ్మ, ఒక్కో మాటా పెదవుల మీద చూపిస్తూ. "వయసు గదా నాయనా, మతి తప్పుతా ఉండాది. నిన్ను బయటికి వదలకూడదు."

అరుపు ఆగింది. అతని చెయ్యి మెల్లగా తన చెవి మీదికి పోయింది. చాలాసేపు తల్లి కళ్ళలోకి చూశాడు, ఆ తెల్లటి పొరని. తర్వాత ఆమె వెనక నిలబడ్డ లోకేశ్వరి వైపు చూసి, "స్క్రూడ్రైవరు తీసకరా, గొళ్ళెం ఊడబీకాల" అన్నాడు.

ఎండ అతని ముఖం మీద పడుతోంది. ఆ మాట వరదమ్మకి స్పష్టంగా కనబడింది.