లేత కాల్పులు

మా బావకు ఇంగ్లీషు రాదని నేననను. వచ్చు. కాకపోతే ఒక్కో మాటకు ఒక్కో అర్థమే వచ్చు. అది కాదని ఎవరైనా అంటే ఒంటికాలి మీద లేస్తాడు.

డబ్బింగ్ స్టూడియో ఆయనది. అడవుల మీద, సముద్రాల మీద ఇంగ్లీషులో తీసిన సినిమాలు టీవీ ఛానెల్ నుంచి వస్తాయి. వాటికి మన భాషలో మాటలు రాసి, గొంతు కలిపి తిరిగి పంపుతాం. రాసేది నేను. తెర మీద 'రచన' అన్నచోట పడేది బావ పేరు. నేనుండేది కూడా అక్కాబావల ఇంట్లోనే. ఒకసారి ధైర్యం చేసి అడిగితే మా అక్క, "ఇంట్లోవాళ్ళమే కదే, ఎవరి పేరైతే ఏంటి?" అంది. అలాంటప్పుడు నా పేరు వేయడానికేం నొప్పో నాకర్థం కాలేదు. అక్క మొహం చూసి ఊరుకున్నాను.

వెదురు అడవుల సినిమాతో నా ఓపిక అయిపోయింది. అందులో 'షూట్స్' అన్నచోటల్లా 'లేత మొలకలు' అని రాశాను. ఎన్నడూ కాగితం ముట్టుకోని బావ, రికార్డింగ్‌కు ఎవరో స్నేహితులొచ్చారని, ఆ రోజు కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివాడు.

"షూట్ అంటే కాల్చడం. బడిపిల్లలకి కూడా తెలుసు. మొలకలేంటమ్మా, మొలకలు?"

"మొక్కల సంగతికొస్తే షూట్ అంటే మొలకే బావా. కొత్తగా వేసిన కొమ్మని కూడా అలాగే అంటారు. పిల్లలు ఉన్నట్టుండి పొడుగైతే, అది కూడా షూట్ అనే మాటే."

"అన్నిటికీ అదే మాటైతే ఇంగ్లీషువాళ్ళకి ఇంక డిక్షనరీ ఎందుకు? నీ సొంత తెలివి ఇంట్లో పెట్టి రా. ఇక్కడ నేను చెప్పిందే రాయాలి."

స్నేహితులు నవ్వారు. గాజుపలక అవతల సౌండ్ ఇంజనీరు కూడా నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా బుద్ధి గడ్డి తిని, బావ వాళ్ళను సాగనంపడానికి వెళ్ళగానే మొలకలను మొలకలుగానే చదివించి పంపాను. మాటలు అద్భుతంగా ఉన్నాయని ఛానెల్‌వాళ్ళు బావకు షీల్డు ఇచ్చారు. దాన్ని ఆయన నా బల్లకు ఎదురుగా గోడకు తగిలించాడు. సుత్తి ఆయన పట్టుకున్నాడు, మేకు నన్ను పట్టుకోమన్నాడు.

ఆ మేకు పట్టుకున్నప్పుడే నిర్ణయించుకున్నాను. ఈ మనిషి నోటితోనే నా పేరు చెప్పించాలి, అదీ నలుగురి ముందు.

తర్వాత వచ్చింది తోటపని మీద సినిమా. మొదటి పేజీలోనే షూట్స్. నాకు ప్రాణం లేచొచ్చింది. ఒళ్ళు దగ్గర పెట్టుకుని, బావ చెప్పిన అర్థం ఎక్కడా తప్పకుండా రాశాను. బావ అలవాటు ప్రకారం చదవకుండా తన పేరు పెట్టుకున్నాడు.

మాకు గొంతునిచ్చే పెద్దాయనను అందరం మైకు బాబాయి అంటాం. ఆయన మైకు ముందు ఆగిపోయాడు.

"అమ్మాయ్, 'లేత కాల్పులు' అంటే ఏంటే?"

"బావ మాట బాబాయ్. మార్చకూడదు."

బాబాయి నన్ను ఎగాదిగా చూశాడు. గొంతు సవరించుకుని, చావు వార్త చదివినంత గంభీరంగా చదివేశాడు.

సినిమా చూసి ఖాయం చేయడానికి ఛానెల్ మేడమ్ తన మనుషులతో వచ్చింది. బావ ఇస్త్రీ చొక్కాలో ముందు వరసలో కూర్చున్నాడు. అక్కా నేనూ వెనక. తెర మీద వాన కురిసి ఆగింది.

"వాన వెలవగానే లేత కాల్పులు మొదలవుతాయి," అంది తెర మీంచి బాబాయి గొంతు. "తోటమాలి పక్క కాల్పులను సున్నితంగా గిల్లేస్తాడు. జింకలకు ఈ కాల్పులంటే ప్రాణం."

ఎవరో కిసుక్కుమన్నారు. తెర మీదికి తోటమాలి పిల్లలు వచ్చారు. "ఈ వయసులో పిల్లలను పైకి కాలుస్తారు" అనేసరికి గది గొల్లుమంది. మేడమ్ మాత్రం నవ్వలేదు. సినిమా ఆపించింది.

"ఇది రాసింది మీరేనా?"

అవునంటే నవ్వులపాలు. కాదంటే నా పేరు చెప్పాలి. బావ వెనక్కి తిరిగి నావైపు బతిమాలుతున్నట్టు చూశాడు. నాకు జాలి వేయలేదు. కడుపు చల్లబడింది. ఇంకాసేపు అలాగే చూస్తే బాగుండుననిపించింది.

"నేను కాదండీ, మా మరదలు," అన్నాడు చివరికి. "తెలిసీ తెలియక ఏదో రాసేసింది."

"మరి వెదురు సినిమా ఎవరు రాశారు? దానికి ముందు సముద్రం సినిమా?"

అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. విడిపించుకుని లేచాను.

"అన్నీ నేనే రాశానండీ. ఇదొక్కటే మా బావ నేర్పినట్టు రాశాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మేడమ్ బావను చూసింది. ఆయన కాదనలేదు.

"సరిచేసి ఇవ్వగలరా?" అని నన్నడిగింది.

"సాయంత్రానికల్లా ఇస్తాను. 'రచన' దగ్గర నా పేరు వేస్తేనే."

మేడమ్ పెన్ను తీసి, "ఏం పేరు?" అంది.

"ఇంక ఇంటికి ఏ మొహం పెట్టుకుని వస్తావే?" అంది అక్క నా వెనక.

నేను తిరిగి చూడలేదు. తప్పు పడకుండా ఒక్కో అక్షరం విడివిడిగా పలుకుతూ, ఇంటిపేరుతో సహా చెప్పాను.