అచ్చాయమ్మ ముందు ఊదాల్సిందే

వశిష్ఠ గోదావరి మీద ఆ రేవులో జనాన్ని అవతలి ఒడ్డుకి దాటించే పంటు నడిపేవాడెవడైనా సరే, ఇంజన్ హ్యాండిల్ పట్టుకునే ముందు టికెట్లు చింపే అచ్చాయమ్మ మొహాన ఓసారి ఊదాలి. ఆమె మొగుడు తాగి పడవ నడిపి, తనతోపాటు పదకొండు మందిని ఏట్లో కలిపేసిననాటి కట్టడి అది. పోతురాజు ఇరవయ్యేళ్లుగా ట్రిప్పు ట్రిప్పుకీ ఊదుతున్నాడు.

ఆ మధ్యాహ్నం రేవుని వేలంలో పాడుకున్న పాటదారు పాపారాజుగారు అల్లుణ్ణి దిగబెట్టడానికి కారులో వచ్చారు. అల్లుడు ఫణీంద్ర విమానం నడుపుతాడు. నిన్న గన్నవరంలో దింపాడు, ఇవాళ ఆరింటికి అక్కడే మళ్లీ ఎత్తాలి. మధ్యలో అత్తారింట్లో భోజనం. అల్లుడి గ్లాసు ఖాళీగా కనబడితే పరువు పోయిందనుకునే ఇల్లది.

పంటు మీద అప్పటికే నలభై మంది ఉన్నారు. ఫణీంద్ర నల్లకళ్లద్దాల్లోంచి పోతురాజుని ఎగాదిగా చూశాడు.

"మామయ్యా, ఏంటండీ ఈ కంపు? తాగుబోతు చేతిలో పెడతారా నన్ను?"

పోతురాజు అచ్చాయమ్మ వైపు తిరిగి ఇంకోసారి ఊదాడు. "చూడు పిన్నీ."

"చేపల పులుసు," అందామె. ముక్కు ఎగబీల్చి తల తిప్పింది. "కంపు మాత్రం ఉందండోయ్. అల్లుడుగారి దగ్గర."

పంటు మీద ఎవరో కిసుక్కుమన్నారు.

"రెండు పెగ్గులే," అన్నాడు ఫణీంద్ర. "విమానమంటే మీ పంటు కాదు. పైకి లేచాక దానంతటదే పోతుంది."

"లేపేదెవరండీ? దింపేదో?" అన్నాడు పోతురాజు.

"నీకు చెప్పినా అర్థం కాదులే."

"ఆయ్, నిజమేనండి."

అతని బూట్లు అద్దాల్లా ఉన్నాయి. ఒక లేసు ఊడి బురదలో ఈడ్చుకుపోతోంది. అదే తెలియని మనిషి జనాన్ని మబ్బుల్లోకి తీసుకెళ్తాడట. పోతురాజుకి కోపం కూడా రాలేదు, అసహ్యం వేసింది.

"తాగినోళ్లని రోజూ దాటిస్తానండి, రాజుగారూ. తాగి బండి తోలబోయేవాణ్ణి మాత్రం దాటించను."

"ఒరేయ్, రేవు నాది. తియ్యకపోతే రేపట్నుంచి నీకు పని లేదు."

పని పోతే మళ్లీ సముద్రం మీద వేటకే. నడుం ఒప్పుకోదు. అది తలుచుకుంటూనే పోతురాజు హ్యాండిల్ ఫణీంద్రకి చాచాడు.

"అయితే మీరే తిప్పండి, కెప్టెన్‌గారూ. గాల్లో మోసేవారు, మీకిదెంత."

ఫణీంద్ర పౌరుషంగా హ్యాండిల్ లాక్కుని పంటెక్కే బల్ల మీద కాలేశాడు. లేసు తొక్కుకుని మోకాళ్ల మీద బురదలో పడ్డాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. చంటిపిల్లనెత్తుకున్న ఒకావిడ లేచి పంటు దిగిపోయింది. ఆమె వెనకే ఇంకొకరు. చూస్తుండగానే పంటు ఖాళీ అయింది. పాపారాజుగారు అల్లుణ్ణి లేపడం మానేసి మీసం సవరించుకున్నారు.

వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్తే ఆరు దాటిపోతుంది. ఫణీంద్ర ఒడ్డు మీది ఎస్టీడీ బూత్‌లోకి వెళ్లి, ఒళ్లు కాలిపోతోందనీ, వేరే కెప్టెన్‌ని చూసుకోమనీ కంపెనీవాళ్లకి చెప్పాడు.

"జ్వరమటరా," అంది అచ్చాయమ్మ.

"వాళ్లింట్లో సీసాల్లో వస్తాది పిన్నీ."

"రేపు రావద్దు నువ్వు," అన్నారు పాపారాజుగారు కారెక్కుతూ.

"అలాగేనండి. ఇవాళ ఇంకా ఉంది కదండీ," అని పోతురాజు బురదలోని హ్యాండిల్ తీసి లుంగీకి తుడిచి, అచ్చాయమ్మ మొహాన మళ్లీ ఊది, నలభై మందినీ ఎక్కమన్నాడు.