చెయ్యి వద్దన్న పెయింటర్

దుకాణాల బోర్డుల మీద అక్షరాలు రాసే పెయింటర్‌కి గుండెనొప్పి నిచ్చెన మీద ఉండగా వచ్చింది. ఎలాగో దిగి, ఛాతీ పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు. కింద రంగులు కలుపుతున్న భార్యే ఆటో ఎక్కించి ఆసుపత్రికి చేర్చింది. కబురందుకుని అతని తల్లి పరుగున వచ్చింది.

"రక్తనాళం పూడుకుపోయింది. వెంటనే స్టెంట్ వెయ్యాలి," అన్నాడు గుండె డాక్టర్. "మణికట్టులోంచి సన్నగొట్టం పంపుతాం. తొడ మొదట్లోంచీ వెళ్లొచ్చుగానీ, అక్కడ రక్తం పోయే ప్రమాదం ఎక్కువ."

పెయింటర్ కుడిచేతిని దుప్పటి కిందికి లాక్కున్నాడు. తల్లి అడ్డం పడింది.

"చెయ్యి మాత్రం ముట్టుకోకు బాబూ. ఆ చేతిరాత చూసే వాణ్ణి పనికి పిలుస్తారు. వేళ్లు పట్టు తప్పితే మా నోట్లో మట్టే."

"పోనీ, ఎడమచేతిలోంచి చేద్దాం."

"ఎడమచేతి మీద ఆనించే కుడిచేత్తో రాస్తాను సార్. రెండూ కావాలి," అన్నాడు పెయింటర్.

"చేతికేమైనా అయితే అన్నం నేను కలిపి పెడతా అత్తయ్యా. ముందు మనిషంటూ ఉండాలిగా!" అంది భార్య.

"నీ నోట మంచిమాటే రాదా?" అత్త కసిరింది.

డాక్టర్ మళ్లీ నచ్చజెప్పబోయాడు. అంతలో నొప్పి తిరగబెట్టింది. "తొడలోంచే కానివ్వండి," అన్నాడు పెయింటర్ పళ్లు బిగించి. ఇక వాదించే వ్యవధి లేదు.

స్టెంట్ బాగానే పడింది. కాలు కదపొద్దని చెప్పి వార్డులో పడుకోబెట్టారు. తల్లి ఊపిరి పీల్చుకుని, బట్టలు తేవడానికి ఇంటికెళ్లింది.

"కొయ్యబొమ్మనైపోయానే. ఈగ వాలినా నువ్వే తోలాలి," అన్నాడు భార్యతో నవ్వుతూ.

మధ్యాహ్నం నడుము పీకుతోందన్నాడు. కదలకుండా పడుకుంటే అంతేలే అనుకున్నారిద్దరూ. కాసేపటికి అతని నుదుట చల్లటి చెమట పోసింది. నర్సును పిలవబోతే భార్య చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు. వచ్చినప్పుడల్లా దుప్పటి తీసి చూస్తున్నారు. సిగ్గుతో చస్తున్నా."

ఆమె ఆగింది. ఎంతోసేపు కాదు. అతని పెదవులు సున్నంలా తెల్లబడేసరికి కేక పెట్టింది.

కట్టు మీద చుక్క రక్తం లేదు. తొడలో గుచ్చిన చోటి నుంచి కారిందంతా లోపలే, పొట్ట వెనక చేరింది. రక్తం ఎక్కిస్తూ పరుగున ఆపరేషన్ గదికి తీసుకెళ్లారు. పొద్దుగూకకముందే ప్రాణం పోయింది.

డాక్టర్ బయటికొచ్చి ఆ మాట చెప్పాక, ఆమె ఒకటే అడిగింది.

"చేతిలోంచి చేసుంటే బతికేవారా?"

"బతికే అవకాశం ఎక్కువుండేదమ్మా. ఖాయమని చెప్పలేను. నేనింకా పట్టుబట్టాల్సింది."

"ఈ మాట మా అత్తయ్యతో అనకండి."

ఉతికిన చొక్కా చంకన పెట్టుకుని ముసలామె మెట్లెక్కి వస్తోంది. కోడలి మొహం చూసి అక్కడే నిలబడిపోయింది.

"ఏమైందే? చెయ్యి వద్దని చెప్పానుగా! ఏం చేశారు నా కొడుకుని?"

"గుండె ఆగిపోయింది అత్తయ్యా. ఎలా చేసినా దక్కేవారు కాదట," అంది కోడలు. ఒరిగిపోతున్న ముసలామెను రెండు చేతులా పట్టుకుని, ఆమెతో పాటే మెట్ల మీద కూలబడింది.