బుగ్గలో ముద్ద

ముద్ద నోట్లో పెట్టమంటే ఎవరైనా పెడతారు. మింగించండి చూద్దాం! రెండున్నరేళ్ళ యోగానంద సాంబారన్నం ముద్దను బుగ్గలో దాచుకుని పావుగంటయింది. తల్లి నవీన బతిమాలింది, బుజ్జగించింది, పళ్ళు కొరికింది. వాడికి చీమ కుట్టినట్టయినా లేదు.

బంగారుపాళ్యం నుంచి పొద్దున్నే కారులో బయలుదేరి, చిత్తూరు దాటి, అరవదేశంలోని ఈ నీళ్ళ పార్కుకు వచ్చారు. పెళ్ళయిన నాలుగేళ్ళలో ఇదే మొదటి షికారు. నవీనకు ఉన్నది ఒకటే కోరిక. నాలుగంతస్తుల ఎత్తున్న ఆ జారుడుబండ మీంచి నీళ్ళలోకి ఒక్కసారి జారాలి. నాలుగున్నరకు దాన్ని మూసేస్తారు. ఇప్పుడు నాలుగు.

"బిడ్డకు తినిపించేసి వచ్చేయ్" అని మొగుడు రూపేష్ తన చెల్లెల్ని వెంటబెట్టుకుని ఉడాయించాడు. పొద్దున టిఫినప్పుడూ ఇదే మాట. మధ్యాహ్నం వాడు నిద్రపోతే, ఆ నిద్రా ఆమె ఒళ్ళోనే. ఇక ఆవిడ తినిపించేదెప్పుడు, వచ్చేదెప్పుడు!

పార్కు హోటల్లో మూలబల్ల దొరికింది. వెనక గోడ, ఒక పక్క బిడ్డ కుర్చీ, ఇంకో పక్క అత్త దేవకమ్మ, కాళ్ళ దగ్గర అందరి తడిబట్టల సంచులు. కదలడానికి లేదు. కిటికీలోంచి జారేవాళ్ళ కేకలు వినబడుతుంటే నవీనకు ఏడుపొచ్చింది.

"అత్తా, పది నిమిషాలు వీణ్ణి సూస్తా ఉండండి."

"నా సేత్తో పెడితే తినడు మే. తల్లి పెడితేనే వంటబట్టేది. ప్లేటు ఖాళీ సేసి పో, ఎవురొద్దన్నారు?"

అంతలో సాంబారు బకెట్టుతో అరవావిడ వచ్చి, ప్లేట్లో ఒక గరిటె పోసి "పోదుమా?" అంది. అరవంలో ఆ మాటకు 'చాలా?' అని అర్థం. చిత్తూరు వైపు వాళ్ళకు ఆ మాత్రం అరవం తెలుసు. రెండున్నరేళ్ళ వాడికి ఏం తెలుసు! వాడి చెవికి అది "పోదామా?" అని తగిలింది. గుటుక్కున ముద్ద మింగి, రెండు చేతులూ చాచి "పోదాం!" అన్నాడు.

ఓరి నీ ఇల్లు బంగారంగానూ! నవీనకు కిటుకు దొరికింది. "పోదామా?" అని ముద్ద పెడితే, మింగి "పోదాం!" అంటాడు. ఇంకో "పోదామా?", ఇంకో ముద్ద. ముద్దకో అబద్ధం. కన్నబిడ్డనే మోసం చేస్తున్నానని ఒక పక్క సిగ్గు, ఇంకో పక్క గోడ గడియారం. నాలుగూ ఇరవైకి ప్లేటు ఖాళీ.

"అయిపోయిందత్తా" అని లేవబోయింది. యోగానంద ఒకసారి దగ్గి, తిన్నదంతా భళ్ళున తల్లి చుడీదారు మీద కక్కేశాడు. కక్కి, తేలికపడి, నవ్వాడు.

దేవకమ్మ మనవడి మూతి తుడిచి, నుదురు తాకి చూసింది. వాడికి జ్వరమూ లేదు, గిరమూ లేదు. ఆవిడ తాపీగా అంది, "బిడ్డ కడుపు ఖాళీ అయిపోయె. ఇంకో ప్లేటు సెప్పు మే. ఈసారి నిదానంగా పెట్టు."

నవీనకు ఒళ్ళు మండింది. బిడ్డను ఎత్తి అత్త ఒళ్ళో కూర్చోబెట్టింది.

"ఈసారి మీరు పెట్టండత్తా."

"ఆ గుడ్డల్తో యాడికే?"

"నీళ్ళల్లోకే కదా!"

సంచులు తొక్కుకుంటూ బయటపడింది. వెనక "అమ్మా, పోదాం!" అని వాడు గుక్కపట్టాడు. తప్పే, మాట ఇచ్చి తప్పింది. అయినా ఆగలేదు.

జారుడుబండ మెట్ల దగ్గర రూపేష్ తల తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"బిడ్డ తినేసినాడా?"

"తినినాడు, కక్కినాడు. మీయమ్మ దగ్గరుండాడు. పోయి నువ్వు తినిపించు."

"నేనా? నాకు తినిపించేది రాదే!"

"నాకు మాత్రం ఎవురు నేర్పినారు?" అని నవీన మెట్లెక్కింది.