అల్లనేరేడు బొంత

పావ్ రొట్టెల ఆఖరి వాయి బయటికి లాగేసి, లింగమూర్తి భట్టి నోట్లోకి అరచెయ్యి చాపాడు. కుడిచెయ్యే. ఎడమచేతివి రెండు వేళ్ళు మగ్గం మిషను ఏనాడో తీసేసుకుంది, అందుకే ఆయన మగ్గాలొదిలి ఈ బేకరీకొచ్చి పడ్డాడు. పది లెక్కపెట్టేదాకా చెయ్యి ఓర్చుకుంది. అంటే వేడి తగ్గింది, ఇక ఇళ్ళవాళ్ళ పళ్ళేలు పెట్టొచ్చు.

సూరత్ శివారు డిండోలిలోని ఆ గల్లీలో ఎవరింట్లోనూ భట్టి లేదు. ఆడవాళ్ళు నాన్‌ఖటాయి బిస్కెట్లకు పిండి కలిపి, పళ్ళెంలో సర్ది, పొద్దున్నే బేకరీ గడప మీద పెట్టి పోతారు. మధ్యాహ్నం వచ్చి పట్టుకుపోతారు. ఏ పళ్ళెం ఎవరిదో తెలియడానికి పిండి మీద ఒక గుర్తు ఉంటుంది. వినోదబెన్‌ది లవంగం. టైలరు ఇంటిది కత్తెర గాటు. మూలింటి అత్తాకోడళ్ళకు పడదు కనుక అత్తది ఒక చింతగింజ, కోడలిది రెండు. పందొమ్మిదేళ్ళలో ఒక ఇంటి పళ్ళెం ఇంకో ఇంటికి పోలేదు. ఆ సంగతి బేకరీ సేఠ్ కొత్తవాళ్ళతో గొప్పగా చెబుతుంటే లింగమూర్తి కట్టెలు సర్దుతున్నట్టు నటించేవాడు గానీ చెవులు మాత్రం ఇటే ఉండేవి.

ఆ భట్టి ముందు తప్ప మిగతా లోకమంతా ఆయనకు అయోమయమే. సూరత్ వచ్చి ఇరవై రెండేళ్ళయినా తూర్పేదో పడమరేదో తేలదు. బస్సు నంబరు ఎవరో ఒకరు చదివి చెప్పాలి. రేషన్ కార్డు మీద వేలిముద్రే. భార్య ఎల్లవ్వ బతికి ఉన్నన్నాళ్ళూ ఇవన్నీ ఆమె చూసుకునేది. ఆమె పోయాక వాటిని చూసుకోవడమే మానేశాడు. పొద్దున చాయ్‌లో ఒక పావ్, రాత్రి ఇంకో రెండు పావ్‌లు. పిల్లలు లేరు.

ఆ రోజు గడప మీద ఏడు పళ్ళేలున్నాయి. వాటి చివర ఎనిమిదోది, నీలం అంచున్న తెల్ల పింగాణీ పూత గిన్నె. పైన గుడ్డ కప్పి ఉంది.

గుడ్డ తియ్యగానే ఎవరి చేతి పనో తెలిసిపోయింది. గింజ తీసి చక్కెర పట్టించిన అల్లనేరేడు పండ్లు. వాటి మీద మైదా, వెన్న, పాలు కలిపి చెంచాతో అక్కడొకటి ఇక్కడొకటి జారవిడిచిన పిండి ముద్దలు. స్వరాజ్యం చేసే బొంత. ఆమె రైలు పట్టాల అవతల పార్సీ బంగళాలో వంటమనిషి. అక్కడి ముసలి బాయి నేర్పిన వంట అది. దానికి ఇంగ్లీషు పేరేదో ఉందట. స్వరాజ్యానికి నోరు తిరగలేదు, అతుకుల మీద అతుకులు కనుక బొంత అనేసింది. బంగళాలో కరెంటు పొయ్యి పాడైనప్పటి నుంచి ఏ కాలపు పండు ఆ కాలంలో గాజుపళ్ళెంలో పడి ఈ భట్టికే వచ్చేది. ఎండాకాలం ముందు మల్బరీ, ఎండల్లో ఫాల్సా, తొలకరికి అల్లనేరేడు.

మొదటిసారి ఆ ముద్దలు చూసి, పాపం చేతకాలేదనుకుని లింగమూర్తి బొటనవేలితో అంతా సాఫు చేసిపెట్టాడు. స్వరాజ్యం లబోదిబోమంది.

"అయ్యో లింగన్నా, అంతా కప్పితివి! నడుమ సందు ఉండాలె. సందు లేకుంటే రసం ఏడికెల్లి పొంగుతది?"

ఇప్పుడు సందులు బాగానే ఉన్నాయి. గాజుపళ్ళెమే లేదు. పైగా గిన్నె నడుమ ఒక కొత్త గుర్తు ఉంది. పిండిని నూలుపోగులా సన్నగా పేని, ఒక వంకర తిప్పి, దాని నెత్తిన కొక్కెంలాంటిది పెట్టి, పక్కన ఒక సున్న చుట్టింది. అలాంటి గుర్తు గల్లీలో ఏ ఇంటికీ లేదు. చేసింది స్వరాజ్యమే, మరి ఎవరి కోసం చేసింది? పొద్దున కట్టెల బండి వస్తే వెనక్కి వెళ్ళాడు, అప్పుడే పెట్టి పోయి ఉండాలి. సేఠ్‌ను అడిగితే, పూజలో ఉన్నాను, చూడలేదన్నాడు.

ఏమైతేనేం, వచ్చిన గిన్నెను కాల్చడం తన పని. లోపలికి తోశాడు. కాసేపటికి ముద్దల సందుల్లోంచి ఊదారంగు రసం బుడబుడమని పైకొచ్చింది. గుర్తు ఉబ్బింది గానీ చెరిగిపోలేదు.

మధ్యాహ్నానికి ఏడు పళ్ళేలూ వెళ్ళిపోయాయి. ఎనిమిదోది మిగిలింది. లింగమూర్తికి కాలు నిలవలేదు. లవంగం పళ్ళెం పట్టుకుపోవడానికి వచ్చిన వినోదబెన్‌కు చూపించాడు.

"ఇది గుర్తు కాదు భాయీ, ఏదో రాత. గుజరాతీ అయితే కాదు," అందామె.

రాత అనేసరికి ఆయన గిన్నె వెనక్కి లాక్కున్నాడు. రాతతో ఆయన ఏనాడూ నెగ్గలేదు. గిన్నెను గుడ్డలో మూటగట్టి సైకిలు ముందు తగిలించుకుని బంగళాకు బయలుదేరాడు.

బంగళా గేటుకు గొలుసు వేసి ఉంది. గోడ దాటి బయటికి వాలిన నేరేడు కొమ్మ కింద నేలంతా ఊదారంగయింది. కాపలావాడు బీడీ తీసి, ముసలి బాయి చనిపోయి ఇరవై రోజులయిందనీ, బొంబాయి నుంచి కొడుకొచ్చి తాళం వేసుకుపోయాడనీ చెప్పాడు. వంటామె ఈ ఉదయమే వచ్చి రాలిన పండ్లు ఏరుకుందట.

ఇరవై రోజులు. పోయిన వారం స్వరాజ్యం బేకరీ దగ్గర ఊరికే చాలాసేపు నిలబడింది. ఆయన పావ్‌ల హడావిడిలో ఉన్నాడు. ఏం చెల్లె అని కూడా అడగలేదు. ఇప్పుడా సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది. సైకిలు వెనక్కి తిప్పి, గల్లీలోకొచ్చి, ఆమె గది వైపు తొక్కాడు.

గదికీ తాళమే. పక్క గది బక్కయ్య రాత్రి షిఫ్టు చేసి వచ్చి, ఒక నిద్ర తీసి, అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"బక్కయ్యా, చెల్లె ఏది?"

"పోయిన్రు గదనే, పదింటి రైలుకు. ఆమె మొగనికి దమ్ము రోగం, మగ్గం నడుపలేకపాయె. ఈమె పని బాయితోనే పాయె. ఇగ ఊరు బాట పట్టిన్రు. మల్ల రారు."

లింగమూర్తి మూట విప్పి గిన్నె ముందుకు చాపాడు. "మరి గీ బొంత ఎవలిది? నాకు జర సమజ్ గాలే. మీద ఏందో రాసింది. ఎవలిదో చెప్తే ఇచ్చి పోత."

బక్కయ్య గిన్నెలోకి చూశాడు. తర్వాత ఆయన మొహంలోకి చూశాడు.

"లిం అని రాసింది. లింగం. నీ పేరే, లింగన్నా."

"నాదెట్లయితది? నేను పిండియ్యలే గద."

"నీకే చేసింది. నీ కోసం నిలబడ్డదట. నువ్వు కట్టెల బండి కాడ ఉన్నవట. రైలుకు యాళ్ళయితున్నదని గడప మీద పెట్టి ఉరికొచ్చింది."

లింగమూర్తి ఆమె గడప మీదే చతికిలబడ్డాడు. ప్లేగు వచ్చిన ఏడాది గల్లీ గల్లీ అంతా రైళ్ళెక్కి పారిపోయింది. మొగుడు జ్వరంతో పడి ఉంటే స్వరాజ్యం ఒక్కతే ఈ గదిలో ఉండిపోయింది. సేఠ్ కూడా వెళ్ళిపోయాడు. లింగమూర్తికి ఎటు పారిపోవాలో తోచక, ఉన్న కాస్త మైదాతో భట్టి వెలిగించి, రోజూ నాలుగు పావ్‌లు ఈ గడప మీద పెట్టి, తలుపు తట్టి వెళ్ళిపోయేవాడు. అదొక పని అని ఆయన ఎన్నడూ అనుకోలేదు. ఆ తర్వాత ఒకసారి ఆమె పిండిబల్ల మీద వేలితో ఏదో గీసింది. "గిది నీ పేరుల మొదటి అచ్చరం, లింగన్నా. నేర్చుకోరాదే?" అంది. "నా పేరుతోని ఎవలికి పనే చెల్లె," అని నవ్వి, గుడ్డతో తుడిచేసి పిండి పిసకడం మొదలుపెట్టాడు.

ఊరందరి గుర్తులూ నోటికొచ్చిన మనిషి. తన గుర్తు కళ్ళముందున్నా, అది ఎవరిదని పొద్దున్నుంచీ అందరినీ అడుగుతూ తిరిగాడు. ఆయనకు ఏడుపొచ్చింది. సంతోషమో దుఃఖమో తేలలేదు. రైలు ఈపాటికి ఎక్కడిదాకా పోయిందో, అది ఏ దిక్కుకు పోతుందో కూడా తెలీదు.

"సల్లారుతున్నది, తిను," అన్నాడు బక్కయ్య.

ముందు బక్కయ్యకు ఒక ముద్ద పెట్టాడు. తర్వాత అంచు నుంచి తినుకుంటూ వచ్చాడు. తియ్యగా, వగరుగా ఉంది. ఎన్నేళ్ళుగానో కాలుస్తున్నా దాని రుచి ఆయనకు ఇవాళే తెలిసింది. అక్షరం దాకా వచ్చి చెయ్యి ఆగింది. పారెయ్యలేడు కదా, అదీ తినేశాడు.

సాయంత్రం మర్నాటి పావ్‌లకు పిండి కలపబోతూ, బల్ల మీద కాస్త మైదా చల్లి వేలు పెట్టాడు. వంకర ఎటు తిప్పాలో తెలియలేదు, కొక్కెం జారిపోయింది. మళ్ళీ గీశాడు. సున్న ఒక్కటే సరిగ్గా వచ్చింది. సేఠ్ కేకేసేదాకా దాన్ని తుడవలేదు.

భట్టి పక్క గూట్లో కడిగిన గిన్నె బోర్లించి ఉంది. నీలం అంచు మీద నేరేడు మరక మాత్రం ఎంత తోమినా పోలేదు.